తుపాకీ లైసెన్సు: కదలని ఫైలు, ఇబ్బందిపెట్టే ప్రశ్నలు

ఆయుధ లైసెన్సుల మీద వచ్చిన ఉత్తరాలు కొన్నాళ్లుగా పేరుకుపోయాయి. దాదాపు అన్నిట్లోనూ రెండే గోడులు. దరఖాస్తు కదలడం లేదు, పోలీసులు ఇంటి గుట్టంతా అడుగుతున్నారు. ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావు. ఫైలు ఆగేది చాలాసార్లు ఆ వ్యక్తిగత ప్రశ్నలకిచ్చిన జవాబుల దగ్గరే. అందుకే అన్నిటికీ ఈసారి ఒక్కచోటే జవాబులిస్తున్నాం. ఆధారం 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నియమాలు. లైసెన్సు ఇచ్చే అధికారి అంటే కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్, లేనిచోట జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్.

ప్రశ్న: నాకు బంగారం దుకాణం ఉంది. పిస్టల్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టి ఏడాది కావస్తోంది. కలెక్టరేట్‌లో అడిగితే పోలీసు రిపోర్టు రాలేదంటారు, స్టేషన్‌లో అడిగితే పంపేశామంటారు. ఈ ఆలస్యం మీద అప్పీలు ఎవరికి చేసుకోవాలి?
– ఒక వ్యాపారి, నంద్యాల

ఆలస్యం మీద అప్పీలు ఉండదండీ. చట్టంలోని 18వ సెక్షన్ కింద అప్పీలు చేయాలంటే ముందు ఒక ఉత్తర్వు ఉండాలి. లైసెన్సు ఇవ్వం అనో, ఇచ్చినదాన్ని రద్దు చేస్తున్నాం అనో కాగితం మీద రాసి ఇస్తేనే పైఅధికారి దాన్ని విచారణకు తీసుకుంటారు. మీ చేతిలో ఏ ఉత్తర్వూ లేదు. ఇప్పుడు అప్పీలు వేస్తే ‘దేని మీద?’ అని రాసి వెనక్కి పంపుతారు. కాబట్టి ముందు ఔననో కాదనో ఒక ఉత్తర్వు రాబట్టుకోవాలి.

మొదట ఫైలు ఎవరి బల్ల మీద ఉందో తేల్చుకోండి. నోటిమాట మీద తిరిగితే ఏడాదంతా తిరుగుతూనే ఉంటారు. కలెక్టరేట్‌లోని పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయి కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘నాకు లైసెన్సు ఎందుకు ఇవ్వలేదు’ అని అడగొద్దు. ఆ చట్టం కింద ఉన్న రికార్డు ఇస్తారు గానీ సంజాయిషీ ఇవ్వరు. ఇలా అడగండి: నా దరఖాస్తును పోలీసు శాఖకు ఏ తేదీన, ఏ లేఖ నంబరుతో పంపారు? నివేదిక ఏ తేదీన అందింది? ఈ రోజున ఫైలు ఏ అధికారి దగ్గర ఉంది? నోట్ ఫైలు నకలు ఇవ్వగలరు. ఇవే ప్రశ్నలు ఎస్పీ కార్యాలయానికి కూడా విడిగా పంపండి. ఇద్దరూ ఇచ్చిన తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ ఆగిందో మీకే తెలిసిపోతుంది. చాలాసార్లు సబ్‌డివిజన్ పోలీసు అధికారి (ఎస్‌డీపీఓ) కార్యాలయంలోనో, స్పెషల్ బ్రాంచిలోనో ఏదో వివరం కోసం వెనక్కి తిప్పి పంపిన కాగితం స్టేషన్‌లోనే ఉండిపోతుంది. స్టేషన్ వాళ్లు మొదటిసారి పంపినది గుర్తుపెట్టుకుని ‘పంపేశాం’ అంటారు. వాళ్ల మాట అబద్ధమూ కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

తేదీలు చేతికొచ్చాక లైసెన్సు అధికారికి స్పీడ్ పోస్టులో ఒక వినతిపత్రం పంపండి, పేజీన్నర దాటకుండా. అందులో రెండు గడువులు గుర్తుచేయాలి. పోలీసు నివేదికకు నియమాలు ఇచ్చిన గడువు 30 రోజులు. నివేదిక అందాక 60 రోజుల్లో అధికారి కారణాలు చూపుతూ ఉత్తర్వు ఇవ్వాలి. మూడో మాట ఇంకా ముఖ్యం. నివేదిక గడువులోగా రాకపోతే దానికోసం ఎదురుచూడకుండానే నిర్ణయం తీసుకునే అధికారం 13(2ఏ) సెక్షన్ అధికారికి ఇచ్చింది. అయితే అది అధికారి ఇష్టం, మీ హక్కు కాదు. గడువు దాటింది కాబట్టి లైసెన్సు వచ్చేసినట్టే అని కొందరు చెబుతుంటారు, నమ్మకండి.

దానికీ స్పందన లేకపోతే హైకోర్టులో రిట్ వేయాలి. రాజ్యాంగం 226వ అధికరణం కింద ‘నా దరఖాస్తు మీద చట్టప్రకారం ఏదో ఒక నిర్ణయం తీసుకోమని ఆదేశించండి’ అని కోరతారు. లైసెన్సు ఇవ్వమని కోర్టు చెప్పదు, ఇన్ని వారాల్లో తేల్చమని చెబుతుంది. పోస్టు రసీదులు, ఆర్‌టీఐ జవాబులు ఉంటే పిటిషన్‌కు బలం వస్తుంది. లేకుంటే ముందు వినతిపత్రం ఇచ్చి రమ్మంటారు. ఎన్నికల కోడ్ నడుస్తున్న రోజులు మీ లెక్కలోంచి తీసేయండి. ఆ సమయంలో లైసెన్సు ఉన్నవాళ్ల తుపాకులనే డిపాజిట్ చేయిస్తారు, కొత్త ఫైళ్లు ముట్టుకోరు.

ప్రశ్న: విచారణకొచ్చిన ఎస్‌ఐ గారు తాగుతారా, అప్పులెన్ని, భార్యతో గొడవలున్నాయా, అన్నదమ్ముల మధ్య పంపకాల తగాదా ఉందా అని అడిగారు. ఇవన్నీ నా సొంత విషయాలు. చెప్పకపోతే ఏమవుతుంది?
– ఒక కాంట్రాక్టరు, కరీంనగర్

చెప్పకపోతే నేరమేమీ కాదు. కానీ ‘దరఖాస్తుదారు విచారణకు సహకరించలేదు’ అన్న ఒక్క వాక్యం నివేదికలో చేరుతుంది. ఇక పైనున్న ప్రతి అధికారీ ముందు ఆ వాక్యమే చదువుతారు.

ఆ ప్రశ్నలు ఎందుకు అడుగుతారో తెలిస్తే జవాబు చెప్పడం తేలికవుతుంది. 14వ సెక్షన్ ప్రకారం దరఖాస్తుదారు ‘ఏ కారణం చేతనైనా’ తగినవాడు కాదనిపిస్తే, లేదా ప్రజల శాంతిభద్రతలకు అవసరమనిపిస్తే లైసెన్సు నిరాకరించవచ్చు. ఆ ‘ఏ కారణం చేతనైనా’ అన్న మాట చాలా వెడల్పు. తుపాకీ ఇంట్లోకి వస్తే ఎవరికి ప్రమాదం అన్నది ఎస్‌ఐ చూస్తారు. తాగుడు, గృహహింస, పొలం గట్టు తగాదా, తలకు మించిన అప్పు – తుపాకీ పేలే ఇళ్లలో సాధారణంగా కనిపించేవి ఇవే. మిమ్మల్ని అవమానించాలని కాదు, రేపు ఏదైనా జరిగితే ఆ నివేదిక మీద సంతకం ఆయనదే.

ఎలా చెప్పాలంటారా? అడిగినంతే చెప్పండి, కాగితం ఉన్నంతవరకే చెప్పండి. ‘తమ్ముడితో పంపకాల దావా జూనియర్ సివిల్ కోర్టులో నడుస్తోంది, నంబరు ఇదీ, ఇద్దరి మధ్య క్రిమినల్ కేసు ఏదీ లేదు’ అంటే అక్కడితో సరిపోతుంది. తమ్ముడు ఎలాంటివాడో, వాళ్లావిడ ఏమందో అక్కర్లేదు. సివిల్ దావా ఉన్నంత మాత్రాన లైసెన్సు ఆగాలని ఎక్కడా లేదు. కానీ మీరు లేదన్నాక పక్కింటాయన ఉందని చెబితే అప్పుడు తగాదా సమస్య కాదు, మీ మాట సమస్య. విచారణ మీ ఇంట్లోనే ఆగదు, ఇరుగుపొరుగును కూడా అడుగుతారు.

తాగుడు గురించి ప్రత్యేకంగా ఒక మాట. దరఖాస్తుతో పాటు ఫారం ఎస్-3లో వైద్య ధ్రువపత్రం ఇచ్చి ఉంటారు. మత్తు పదార్థాలకు బానిస కాదని అందులో ఉంటుంది. పండక్కో పెళ్లికో పుచ్చుకునే అలవాటుంటే ఆ మాటే చెప్పండి. ‘ముట్టనే ముట్టను’ అని చెప్పి, వీధి చివర బెల్టు షాపువాడు నవ్వేలా చేసుకోకండి.

మీ భార్యను విడిగా అడగడం మామూలే. ఆవిడకు ముందే విషయం చెప్పి ఉంచండి, పాఠం మాత్రం చెప్పకండి. తుపాకీ ఇంట్లో పెట్టడం ఆవిడకు ఇష్టం లేకపోతే అది విచారణలో కాదు, అంతకుముందే తేలాల్సిన విషయం. పిల్లలున్న ఇల్లయితే తుపాకీ ఎక్కడ దాస్తారన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. గోడకు బిగించిన లాకరు, తూటాలకు వేరే తాళం ఉన్న అర, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో – ఈ మూడూ చూపించగలగాలి. ‘బీరువాలో బట్టల కింద పెడతాం’ అని చెప్పిన దరఖాస్తు అక్కడే ఆగుతుంది.

జవాబులన్నీ అయ్యాక మీ వాంగ్మూలం రాసి సంతకం అడిగితే చదివి పెట్టండి. తప్పుంటే అక్కడే దిద్దించండి. వీలైతే ఆ సాయంత్రమే అడిగినవీ చెప్పినవీ తేదీతో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆరు నెలల తర్వాత అప్పీలు రాసేటప్పుడు అదే మీకు దిక్కు.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే కోర్టు రెండు రోజుల జైలు, జరిమానా వేసింది. అంతకుముందు పేకాట కేసులో జరిమానా కట్టాను. ఫారంలో ‘శిక్ష పడిందా’ అన్నచోట లేదు అని రాశాను. ఇప్పుడు లైసెన్సు నిరాకరించారు. అప్పీలులో ఎలా సర్దుకోవాలి?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

ఇక్కడ చాలామంది పొరబడతారు. కోర్టులో ‘ఒప్పుకుంటున్నా’నని జరిమానా కట్టేసి బయటికొస్తే కేసు కొట్టేసినట్టు అనుకుంటారు. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే శిక్ష పడినట్టే. పెట్టీ కేసైనా అంతే. కాబట్టి మీరు ఫారంలో రాసింది తప్పు. రెండు కేసులకూ అక్కడ ‘అవును’ అని రాయాల్సింది.

విచిత్రమేమిటంటే నిజం రాసి ఉంటే మీకు పెద్దగా నష్టం ఉండేది కాదు. 9వ సెక్షన్ కింద ఆయుధం ఉంచుకోకుండా పూర్తిగా నిషేధం ఉన్నది, హింసతో గానీ నైతిక పతనంతో గానీ కూడిన నేరంలో జైలుశిక్ష పడినవాళ్లకు. అదీ శిక్ష ముగిశాక అయిదేళ్ల వరకే. పేకాటలో మీకు జైలు పడలేదు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో రెండు రోజులు పడ్డా, అది హింసతో కూడిన నేరం కాదు. ఆ నిషేధం మీకు తగలదని వాదించడానికి గట్టి చోటుంది. అలవాటు మీద ప్రశ్న వేస్తారు, దానికి మీ తర్వాతి నాలుగేళ్ల నడవడే జవాబు.

ఇప్పుడు అసలు చిక్కు దాచిపెట్టడం. ముఖ్యమైన సమాచారం దాచి తెచ్చుకున్న లైసెన్సును 17వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు. ఇవ్వకముందే బయటపడితే నిరాకరణకు అదే కారణమవుతుంది. అప్పీలులో దీన్ని తప్పించుకుని రాయకండి, మొదటి పేరాలోనే తేల్చేయండి. ఇలా రాయవచ్చు:

‘దరఖాస్తు ఫారం ఏ-1లో శిక్షలకు సంబంధించిన గడిలో నేను లేదు అని రాసిన మాట నిజం. జరిమానాతో ముగిసిన కేసులు శిక్ష కిందికి రావన్న అపోహతో అలా రాశాను. జైలుశిక్ష పడిన కేసును కూడా రాయకపోవడం నా పొరపాటు. రెండు కేసుల వివరాలు, తీర్పుల ధ్రువీకృత నకళ్లు అనుబంధం 1, 2గా జతచేశాను. ఈ రెండు కాక నాపై మరే కేసూ లేదు.’

ఆ చివరి వాక్యం రాసేముందు రెండుసార్లు ఆలోచించండి. మూడో కేసు ఉండి ఆ వాక్యం రాస్తే ఇక మిమ్మల్ని ఏ వకీలూ ఒడ్డున పడేయలేడు. అపోహ పడ్డానన్న మాట పేకాట జరిమానాకు అతుకుతుంది గానీ రెండు రోజుల జైలుకు అతకదు. అందుకే పైన ఆ రెంటినీ విడదీసి రాశాం.

ప్రశ్న: రెండేళ్ల కిందట డిప్రెషన్‌కు మందులు వాడాను. ఇప్పుడు మామూలుగానే ఉన్నాను. అప్పీలు విచారణలో మానసిక చికిత్స గురించి అడిగితే ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే పిచ్చివాడి కింద జమకడతారేమో?
– ఒక ఉపాధ్యాయుడు, గుంటూరు

అడిగితే చెప్పండి. 14వ సెక్షన్‌లో ఉన్నది ‘మతిస్థిమితం లేని వ్యక్తి’ అన్న మాట. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 3వ సెక్షన్ మానసిక అనారోగ్యానికీ, మతిస్థిమితం లేకపోవడానికీ మధ్య గీత గీసింది. ఒకరికి మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, అతన్ని మతిస్థిమితం లేనివాడిగా లెక్కించకూడదు. మీ అప్పీలులో ఈ సెక్షన్ పేరెత్తి రాయండి.

అంతమాత్రాన అధికారికి ఇక అడిగే హక్కు లేదనుకోకండి. ‘తగినవాడు కాదు’ అన్న వెడల్పాటి మాట ఇంకా ఉంది. డిప్రెషన్ విషయంలో వాళ్లు చూసేది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయా అన్నది. అందుకే మిమ్మల్ని చూసిన మనోవైద్యుడి దగ్గరే ఒక కాగితం తీసుకోవడం మంచిది. అందులో ఉండాల్సినవి: చికిత్స ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఇప్పుడు మందులు వాడుతున్నారా లేదా, ఇటీవల పరీక్షించిన తేదీ, తనకు గానీ ఇతరులకు గానీ హాని చేసుకునే లక్షణాలు కనిపించలేదన్న అభిప్రాయం. పాత ప్రిస్క్రిప్షన్లు, కౌన్సెలింగ్ నోట్సు జతచేయకండి. మీ వైద్య వివరాల గోప్యతకు అదే చట్టంలో 23వ సెక్షన్ రక్షణ ఉంది. అవసరమైన ఒక్క కాగితం ఇచ్చి, మిగతా ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎస్-3 ధ్రువపత్రం ఇచ్చిన డాక్టరుకు మీ చికిత్స సంగతి చెప్పారా? చెప్పకపోతే విచారణకు వెళ్లేలోపే చెప్పి, తాజా ధ్రువపత్రం తెచ్చుకోండి. రెండు వైద్య కాగితాలు ఒకదానికొకటి ఎదురుతిరిగితే మీ మాటకు విలువ పోతుంది.

ఈ మధ్య మళ్లీ మనసు బాగోలేకపోతే మాత్రం అప్పీలు పక్కన పెట్టండి. ఒంట్లో కుదుటపడ్డాక మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి ఏ అడ్డూ లేదు.

ప్రశ్న: పంచాయతీ ఎన్నికల సమయంలో మా ఊళ్లో రెండు వర్గాలవారినీ తహసీల్దారు ముందు బైండోవర్ చేశారు. నేనూ సంతకం పెట్టాను. ఇది కేసు కిందికి వస్తుందా?
– ఒక మాజీ వార్డు సభ్యుడు, నల్లగొండ

కేసు కాదు, శిక్షా కాదు. కానీ బైండోవర్ బాండు గడువు నడుస్తున్నంతకాలం 9వ సెక్షన్ కింద మీరు ఆయుధం ఉంచుకోవడానికి అనర్హులు. శాంతిభద్రతలకు, సత్ప్రవర్తనకు బాండు రాసినవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. ఇదివరకు సీఆర్‌పీసీ 107, 110 సెక్షన్ల కింద రాయించేవారు. 2024 జులై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో అవే 126, 129 సెక్షన్లయ్యాయి.

బాండు ఏ తేదీన మొదలైందో, ఎన్నాళ్లకో తహసీల్దారు కార్యాలయంలో నకలు తీసుకోండి. గడువు దాటిపోతే ఆ నకలే మీకు ఆయుధం. ఫారంలో ఈ విషయానికి విడిగా ఒక గడి ఉంది. గడువు ముగిసినా ‘అవును, ఫలానా తేదీతో ముగిసింది’ అనే రాయాలి. గడువు ముగియకముందే దరఖాస్తు పెట్టి ఉంటే, ఆ నిరాకరణ మీద అప్పీలు చేసి లాభం లేదు. ముగిశాక కొత్తగా పెట్టుకోండి.

రౌడీషీటు సంగతి వేరు. అది చట్టంలోని అనర్హత కాదు, స్టేషన్ రికార్డు. కానీ అది తెరిచి ఉన్నంతకాలం అనుకూలమైన నివేదిక రావడం కల్ల. ముందు దాన్ని మూయించుకునే ప్రయత్నం చేయాలి.

ప్రశ్న: ‘ప్రాణహాని ఉన్నట్టు నివేదికలో లేదు’ అని ఒకే వాక్యంతో నా పిస్టల్ దరఖాస్తు తిరస్కరించారు. అప్పీలు ఎలా రాయాలి? ఎన్ని రోజుల్లో వేయాలి?
– ఒక పెట్రోలు బంకు యజమాని, ఖమ్మం

గడువు 30 రోజులు. ఉత్తర్వు మీ చేతికి వచ్చిన కవరు పారేయకండి, దాని మీది పోస్టు ముద్రే మీ లెక్కకు సాక్ష్యం. నకలు కోసం పట్టిన రోజులు గడువులోంచి మినహాయిస్తారు. ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నించమని వేరే అర్జీ జతచేయాలి. అప్పీలుతో పాటు నిరాకరణకు వాళ్లిచ్చిన కారణాల కాగితం, నిర్ణీత ఫీజు చలానా ఉండాలి. కారణాలు ఇవ్వకపోతే 14(3) సెక్షన్ కింద రాతపూర్వకంగా అడగండి. ప్రజా ప్రయోజనం దృష్ట్యా ఇవ్వకూడదనుకుంటే తప్ప క్లుప్తంగానైనా ఇవ్వాలి. ఉత్తర్వు ప్రభుత్వమే ఇచ్చినా, ప్రభుత్వ ఆదేశం మీద ఇచ్చినా అప్పీలు లేదు, నేరుగా హైకోర్టే.

ఇక రాత. అప్పీళ్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. దరఖాస్తులో ‘వ్యాపార అవసరం’ అని ఒక్క ముక్క రాసి, నిరాకరించాక అప్పీలులో రౌడీలు వెంటపడుతున్నారని మూడు పేజీల కథ రాస్తారు. తేదీ ఉండదు, ఫిర్యాదు ఉండదు. చదివే అధికారికి వచ్చే మొదటి అనుమానం – అంత ప్రమాదముంటే స్టేషన్‌కు ఎందుకు వెళ్లలేదు? లేని ప్రాణహాని కల్పించకండి. ఉన్న అవసరాన్ని లెక్కతో చూపించండి.

2016 నియమాల్లో 12వ నియమం మీకు పనికొస్తుంది. వృత్తి, వ్యాపారం స్వభావం వల్ల ప్రాణానికి, ఆస్తికి రక్షణ నిజంగా అవసరమైనవాళ్ల దరఖాస్తులను అధికారి పరిశీలించాలని అందులో ఉంది. అంటే ఫలానా మనిషి బెదిరించాడని నిరూపించడం ఒక్కటే దారి కాదు. మీ బంకు ఊరికి ఎంత దూరం, రాత్రి ఎన్నింటిదాకా నడుస్తుంది, రోజువారీ నగదు సుమారుగా ఎంత, దాన్ని బ్యాంకుకు ఎవరు ఏ దారిన తీసుకెళ్తారు, గతంలో దొంగతనమో దోపిడీ ప్రయత్నమో జరిగి ఉంటే ఎఫ్‌ఐఆర్ నంబరు ఏమిటి. ఇవి రాసి, బ్యాంకు డిపాజిట్ స్లిప్పులు, జీఎస్టీ కాగితాలు, డీలర్‌షిప్ ఒప్పందం జతచేయండి. బెదిరింపు ఫోన్లు వచ్చి ఉంటే తేదీ, ఫిర్యాదు రసీదు. రసీదు లేని బెదిరింపును ఒక్క వాక్యంలో ముగించండి.

తర్వాత నివేదికలో మీకు వ్యతిరేకంగా ఉన్న ప్రతి మాటకూ విడివిడిగా జవాబివ్వండి. నివేదిక నకలు ఆర్‌టీఐలో అడగవచ్చు. కొంత భాగం కొట్టేసి ఇచ్చినా మిగిలినది పనికొస్తుంది. ఏ మాటకూ జవాబివ్వకుండా ‘నివేదిక పక్షపాతంతో కూడుకున్నది’ అని మొత్తంగా రాస్తే ఎవరూ పట్టించుకోరు.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. చట్టం అన్ని తుపాకులనూ ఒకే గాటన కట్టలేదు. గొట్టం పొడవు 20 అంగుళాలకు తగ్గని, లోపల గాడులు లేని తుపాకీని ఆత్మరక్షణకో క్రీడకో అడిగితే, 14వ సెక్షన్ అడ్డు లేనంతవరకు లైసెన్సు ఇవ్వాలని 13(3)(ఏ) చెబుతోంది. పిస్టల్, రివాల్వర్ లాంటివాటికి మాత్రం ‘తగిన కారణం’ ఉందని అధికారికి నమ్మకం కలగాలి. జేబులో పట్టేదే కావాలని అందరూ పిస్టల్ అడుగుతారు, అక్కడే ఆగిపోతారు. బంకు కాపలాకే అయితే డబుల్ బ్యారెల్ గన్ సరిపోతుందేమో ఆలోచించండి. సరిపోతుందనుకుంటే అప్పీలుతో కుస్తీ పట్టడం కంటే దానికి తాజాగా దరఖాస్తు పెట్టుకోవడమే దగ్గరి దారి.

ప్రశ్న: ఆస్తి ఎంత, ఐటీ రిటర్నులు ఏవి అని అడుగుతున్నారు. నాకు సొంత ఇల్లు కూడా లేదు. పేదవాడికి లైసెన్సు ఇవ్వరా?
– ఒక చిరువ్యాపారి, అనంతపురం

ఆస్తి చాలదన్న ఒక్క కారణంతో నిరాకరించకూడదని 14(2) సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, లేనిది ఉన్నట్టు మాత్రం చూపించకండి. అద్దె ఇల్లయితే ఒప్పందం నకలు, లాకరు బిగించుకోవడానికి యజమాని ఇచ్చిన అంగీకారపత్రం జతచేయండి. దరఖాస్తు పెట్టాక ఇల్లు మారితే వెంటనే రాతపూర్వకంగా తెలపండి. ‘ఆ చిరునామాలో లేరు’ అని తిరిగొచ్చే నివేదికలు కొల్లలు.

ప్రశ్న: అడవి పందులు మొక్కజొన్న మిగలనివ్వడం లేదు. పంట కాపలాకు తుపాకీ అడిగితే పొలం వివరాలన్నీ, పాత గొడవలన్నీ అడుగుతున్నారు. తుపాకీ వస్తే పందుల్ని కొట్టవచ్చా?
– ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

పంట రక్షణ కింద అడిగేవాళ్లకు ఫారంలోనే పొలం ఎక్కడ, ఎంత, ఎందులో సాగు అన్న గడులున్నాయి. పట్టాదారు పాసుపుస్తకం నకలు, పంట నష్టం మీద వ్యవసాయ అధికారికో అటవీ శాఖకో ఇచ్చిన ఫిర్యాదుల రసీదులు జతచేయండి. నిజమైన పంట రక్షణకు గొట్టంలోంచి మందు దట్టించి కాల్చే తుపాకీ లైసెన్సును చట్టం ప్రత్యేకంగా పేర్కొంది. అది చాలదని అధికారికి తోస్తే గాడులు లేని మరో రకం ఇవ్వవచ్చు.

పందిని కాల్చడం మాత్రం వేరే సంగతి. ఆయుధ లైసెన్సు వేట అనుమతి కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీ అధికారుల అనుమతి లేకుండా కాలిస్తే కొత్త కేసు, దాంతో లైసెన్సూ పోతుంది. విచారణలో ‘పందుల్ని చంపడానికే’ అని చెప్పేవాళ్లున్నారు. బెదరగొట్టి తరమడానికి అని చెప్పండి, అదే చేయండి.

ప్రశ్న: నాన్నగారికి 74 ఏళ్లు. ఆయన డబుల్ బ్యారెల్ నా పేరు మీదికి మార్చుకోవాలంటే నన్ను కూడా ఇన్ని ప్రశ్నలు అడుగుతారా?
– ఒక పాఠకుడు, ఏలూరు

అడుగుతారు. 70 ఏళ్లు నిండినవాళ్లు గానీ, 25 ఏళ్లుగా ఆయుధం ఉంచుకున్నవాళ్లు గానీ బతికుండగానే వారసుడికి మార్చవచ్చు. కానీ లైసెన్సు వారసత్వంగా రాదు, మీ అర్హత మీద మీరే తెచ్చుకోవాలి. తోబుట్టువులుంటే వాళ్ల నిరభ్యంతర పత్రాలు ముందే తీసుకోండి, ఫైలు ఎక్కువగా ఆగేది వాటికోసమే. నాన్నగారి లైసెన్సుకు ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేస్‌లో యూఐఎన్ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉందో లేదో మొదట చూసుకోండి. లేకపోతే ముందు ఆ పని కావాలి.

ప్రశ్న: అప్పీలు విచారణకు వకీలును తీసుకెళ్తే నేను మాట్లాడక్కర్లేదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

చట్టం అంశాలు వకీలు చెబుతారు. ‘ఇంట్లో ఎవరెవరుంటారమ్మా, తుపాకీ ఎక్కడ పెడతారు, ఎందుకు కావాలి’ అన్నవి మిమ్మల్నే అడుగుతారు, మీరే చెప్పాలి. ఫారం ఏ-1 నకలు, ఎస్‌ఐ రాసుకున్న వాంగ్మూలం, అప్పీలు – ఈ మూడింటినీ ముందురోజు వరసగా చదవండి. ఒకే విషయం మూడుచోట్ల మూడు రకాలుగా ఉంటే, ఎందుకు తేడా వచ్చిందో ఒక్క వాక్యంలో సిద్ధం చేసుకోండి. గుర్తులేని తేదీ అడిగితే ‘కాగితం చూసి చెబుతానండీ’ అనండి, ఊహించి చెప్పకండి. విచారణ రోజున హాజరుపట్టీలో సంతకం పెట్టి, కొత్తగా ఇచ్చిన ప్రతి కాగితానికీ రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని రండి.